చుంచుపిల్ల మెదడులోనికి జన్యువును పంపు విద్య



మన డెల్టాలో ఎలుక పేరు చెప్పినంతనే రైతునకు కోపము వచ్చును. సార్వా పొట్టకు వచ్చు వేళ గట్ల వెంబడి బొరియలు త్రవ్వి, దుబ్బులను మొదట కొరికి నేలపాలు చేయు ఈ ప్రాణిని పట్టుటకై వెదురు బుట్టలు పెట్టువారిని పిలిపించి, తోకకింత యని కూలి యిచ్చుట మీకు క్రొత్త గాదు. అట్టి జాతిలోనిదే చుంచు. అది తల్లి కడుపులో నుండగా దాని మెదడులోనికి ఒక జన్యువును చొప్పించు విద్య యొకటి కలదు. దానిని గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

నేను భాషాప్రవీణుడను. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు శబ్దములు, సంధులు, ఛందస్సు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. నా కీ విషయ మెట్లు తెలిసినదని మీ రడుగవచ్చును. నా యొద్ద చదివిన బాలిక యొకతె యిప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధనాలయమున ఈ పనియే చేయుచున్నది. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడెల్ల మా అరుగు మీద కూర్చుండి నా ప్రశ్నలకు బదులు చెప్పును. నాకు బోధపడుటకు రెండు సంక్రాంతులు పట్టినవి.

నే నడుగుటకు కారణ మొకటి కలదు. ఉద్యోగములో చేరిన తొలి యేండ్లలో, నా తరగతిలోని పిల్లవాడొకడు పద్యము అప్పగించుచు నడుమ నిలిచిపోయి, నేలపై పడి కాళ్ళు చేతులు కొట్టుకొన్నాడు. నేను నా తాళపుచెవుల గుత్తిని వాని పిడికిట బెట్టి నొక్కితిని. ఇనుము తగిలినచో మూర్ఛ దిగునని మా అమ్మ చెప్పగా విన్నమాట. అంతటితో ఆగలేదు. మరునాడు వాని తండ్రిని పిలిపించి, తక్కిన పిల్లలు భయపడుచున్నారు, వీని నింటనే యుంచుడని చెప్పితిని. అతడు మారుమాటాడక పిల్లవానిని తీసికొని పోయెను. అపస్మార మను మాటకు వ్యుత్పత్తి చెప్పగలిగిన నాకు ఆ వ్యాధి యేమో తెలియలేదు. ఆ పిల్లవాని తలలో నేమి జరిగినదో తెలిసికొనవలెనను కోరిక నన్ను ఇంతదూరము తెచ్చినది.

మొదట జన్యువు సంగతి. మన దేహమందలి జీవకణములలో డి.ఎన్.ఏ. అను అతి సన్ననైన, అతి పొడవైన పోగు కలదు. దానిమీది లిపికి అక్షరములు నాలుగే. మనుష్యుని పోగునందు ఇట్టి అక్షరములు సుమారు 300 కోట్లు. అందులో ఒక మాంసకృత్తును ఎట్లు కట్టవలెనో చెప్పు భాగమునకు జన్యువని పేరు. ఒక్క అక్షరము తారుమారైన వాక్యమునకు అర్థ మెట్లు చెడునో నాకు బాగుగ తెలియును గనుక, ఈ సంగతి నాకు తేలికగనే పట్టుపడినది.

ఆ పోగునకు వెన్నుగా నుండునది చక్కెర, భాస్వరామ్లము కలిసిన గొలుసు. భాస్వరామ్లము ఋణవిద్యుత్తు గలది. కావున డి.ఎన్.ఏ.ను నీటిలో నుంచి విద్యుత్తు పెట్టినచో అది ధనధ్రువము వైపునకు సాగును. ఈ యొక్క గుణము మీద మన కథ యంతయు నిలిచియున్నది. భాస్వర మనగానే భీమవరము తలంపునకు రావలెను. 1895లో అక్కడ పుట్టి, రాజమహేంద్రవరమున చదువుకొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఫిస్కె అను నాచార్యునితో కలిసి జీవద్రవ్యములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి నేటికిని వారి యిద్దరి పేరుతోనే పిలువబడుచున్నది. వా రింకొక విధమున కూడ ఈ కథలోనికి రాబోవుచున్నారు.

పిండమున మెదడు మొదట మెదడు వలె నుండదు. చదునైన రేకు వంటి పొర రెండంచులు పైకి లేచి, ఒకదానితో నొకటి కలిసి, గొట్టమగును. మనుష్యపిండమున ఈ గొట్టము గర్భము నిలిచిన 28 దినములలోపల మూసికొనవలెను. మూసికొననిచో శిశువు వెన్ను తెరచుకొని గాని, తలపై భాగము ఏర్పడక గాని పుట్టును. తల్లికి తాను గర్భవతినని తెలియుటకు ముందే ఈ ముహూర్తము దాటిపోవుట విచారకరము. దీనికి ఫోలిక్ ఆమ్లము మేలు చేయునని 1991లో వెలువడిన ఆంగ్లేయ వైద్యపరిశోధన రుజువు చేసినది. అట్టి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండియే ఈ మందు నిచ్చిన, మరల అట్లు జరుగుట ముప్పాతిక వంతు వరకు తగ్గినది. ఆ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా చేసి లోకమునకు అందించినది లెడర్లీ సంస్థలో సుబ్బారావు గారి నాయకత్వమున పనిచేసిన బృందము. వారు 1948లో కాలధర్మము నొందిరి. తాము రక్తహీనతకై వెదకిన మందు పిండము మెదడును కాపాడునని వారు వినలేదు. మీ యిండ్లలో పెండ్లియైన ఆడపిల్లలు ఈ మాత్ర యెప్పుడు మొదలు పెట్టవలెనో డాక్టరు నడిగి, గర్భమునకు ముందే మొదలిడునట్లు చూడుడు. మూడవ నెలలో మొదలిడుట ఈ పనికి ఆలస్యము.

గొట్టము మూసికొన్న పిమ్మట దాని ముందుభాగము ఉబ్బి మెదడగును. లోపలి ఖాళీ జాగా నీటితో నిండిన గదులుగా మిగులును. ఆ గదుల గోడకు ఆనుకొని యున్న కణములు విడివడి విడివడి నాడీకణములను పుట్టించును. గోడయే ఆకుమడి యనుకొనుడు. అయితే మన ఊడ్పులకు కూలీలు కావలెను. ఈ నారు తానే నడచిపోవును. గోడనుండి మెదడు పైపొర దాక సన్నని నిలువు పోగులు సాగియుండును. క్రొత్తగా పుట్టిన నాడీకణము, కల్లుగీత గీయువాడు తాడి నెక్కినట్లు, ఆ పోగును పట్టుకొని పైకి ప్రాకును. మొదట పుట్టినవి లోతట్టున ఆగును. తరువాత పుట్టినవి వానిని దాటి ఇంకను పైకి పోయి నిలుచును. కనుక మెదడు పైపట్టలో అడుగువరుస పెద్దలది, మీదివరుస చిన్నలది. ఏ కణ మే దినమున పుట్టెనో దానినిబట్టి దాని స్థానము.

ఈ ప్రాకులాటలో ఏ జన్యువు ఏ పని చేయునో యెట్లు తెలియవలెను? పుట్టుకతోనే ఒక జన్యువు మార్పబడిన చుంచుజాతిని పెంచు పద్ధతి యొకటి కలదు. దానికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. పైగా దేహమంతట మార్పు జరుగుటచే పిండము మధ్యలోనే చనిపోవచ్చును. మెదడులో ఒక ప్రక్క, ఒక దినమున పుట్టు కణములకు మాత్రమే జన్యువు నీయ వీలగునా యని పండితులు ఆలోచించిరి. 2001లో జపానులో తబాతా, నకజిమాలును, వేరుగా సైతో, నకత్సుజీలును, అమెరికాలోని షికాగోలో ఫుకుచి-షిమొగోరి, గ్రోవ్‌లును, దాదాపొక్కసారిగా, దీనికి మార్గము చూపిరి. తల్లి గర్భములోనే పిండమునకు విద్యుత్తు తాకించు పద్ధతి యది.

నా శిష్యురాలు చెప్పిన క్రమమిది. చుంచు గర్భము 19, 20 దినములు మోయును. పదునాలుగు, పదునైదు దినముల గర్భిణికి మత్తుమం దిచ్చి, స్పృహ పూర్తిగా పోయినదని చూచి, పొట్టపై సన్నగా కోయుదురు. చుంచు గర్భకోశము రెండు కొమ్ములుగా, పిండములు వరుసగా నుండి, చిక్కుడుకాయ నెండకు పట్టి చూచినట్లుండును. దానిని మెల్లగా వెలికి దీసి, గోరువెచ్చని ఉప్పునీటితో తడుపుచుందురు. తడి ఆరరాదు, వేడి తగ్గరాదు. వెనుకనుండి వెలుతురు పట్టగా పలుచని గోడ గుండ పిండము తల కనబడును. అప్పటికి పిండము నిడివి ఒక సెంటీమీటరునకు కొంచెము పైమాట.

గాజుగొట్టమును కాచి లాగగా వెండ్రుక వంటి కొన వచ్చును. అదియే సూది. కావలసిన జన్యువుగల డి.ఎన్.ఏ.ను నీటిలో కలిపి, కంటికి కనబడుటకై పచ్చరంగు చేర్చి, ఆ సూదితో గర్భకోశపు గోడ గుండ పిండము తలలోని నీటిగదిలోనికి వదలుదురు. పరిమాణము ఒక మైక్రోలీటరు, అనగా మిల్లీలీటరులో వెయ్యవవంతు, లేదా దానికి కొంచె మెక్కువ. గది ఆకారమున పచ్చదనము విచ్చుకొన్నచో సూది సరియైన చోట దిగిన దన్నమాట. “ముగ్గు చుక్క పెట్టే చెయ్యి కావాలండి మాస్టారూ, బలం పనికిరాదు” అని ఆ పిల్ల అన్నది. తొలి యేడు తనకు నెలల తరబడి ఒక్కటియు కుదరలేదట.

పిమ్మట కంసాలి పట్టకారు వంటి రెండు చిన్న ఫలకములను పిండము తలకు ఇరుప్రక్కల నానించి, 30 నుండి 50 వోల్టుల విద్యుత్తును, సెకనులో ఇరువదవవంతు కాలము చొప్పున, సెకను విరామముతో, అయిదు మార్లు పంపుదురు. మన ఇంటి విద్యుత్తు 230 వోల్టులు. తాకిడికి గోడకణముల పైపొరలో క్షణకాలము సూక్ష్మరంధ్రములు తెరచుకొనును. ఋణవిద్యుత్తు గల డి.ఎన్.ఏ. ధనధ్రువము వైపునకు పరుగెత్తి, ఆ ప్రక్క గోడకణములలో జొరబడును. రంధ్రములు మూసికొనును. ఏ ప్రక్క ధనఫలక ముంచిరో ఆ ప్రక్కకే జన్యువు చేరును. రెండవ ప్రక్క యథాతథము. ఒకే తలలో చికిత్స పొందిన సగము, పొందని సగము ప్రక్కప్రక్కన నుండుటచే పోల్చి చూచుటకు ఇంతకంటె సదుపాయ మేమి కావలెను? విద్యుత్తు మాయకు గాని గుండెకు గాని తాకినచో పిండము దక్కదు. పని ముగిసినంతనే గర్భకోశమును లోనికి చేర్చి, కుట్లు వేసి, నొప్పి తెలియకుండ మందిత్తురు. తల్లి మేల్కొని నీరు త్రాగును. నాలుగైదు దినములకు పిల్లలు మామూలుగానే పుట్టును.

జన్యువు చేరినదని తెలియుట యెట్లు? జెల్లీచేపలో పచ్చగా మెఱయు మాంసకృత్తు నొకదానిని షిమొమురా అను జపాను పండితుడు 1962లో వెల్లడించెను. దానిని జీవకణములలో దీపముగా వాడవచ్చునని చూపిన చాల్ఫీ, త్సియన్‌లతో పాటు ఆయనకు 2008లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆ దీపపు జన్యువును కూడ జతచేసి పంపుదురు. నీలికాంతిలో చూడగా జన్యువు నందుకొన్న కణములు మాత్రమే పచ్చగా వెలుగును, వాని నడక యంతయు తెలియును. పండ్రెండు, పదుమూడు దినములనాడు చేసినచో అడుగువరుస వెలుగును. పదునైదవ దినమున చేసినచో మీదివరుస. ఇట్లు పంపిన డి.ఎన్.ఏ. సాధారణముగా కణము సొంతపోగులో కలియదు. విడివడు కణములలో అది తరతరమునకు పలుచబడిపోవును. నాడీకణము పుట్టిన తరువాత విడివడదు కనుక దానిలో నిలిచియుండును.

ఇప్పుడు మూర్ఛ సంగతికి వత్తును. డబుల్‌కార్టిన్ అను మాంసకృత్తు యొక్క జన్యువు చెడిన కుటుంబములను 1998లో గుర్తించిరి. ఈ జన్యువు చెడిన స్త్రీలలో కొందఱికి మెదడు పైపట్ట క్రింద ఇంకొక పట్ట, దారిలో ఆగిపోయిన నాడీకణముల పట్ట, ఏర్పడి మూర్ఛలు వచ్చును. మగపిల్లలలో మెదడు ముడుతలు లేక నున్నగా నుండును, వారి స్థితి మరింత దుర్భరము. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయమున లొతుర్కో అను నాచార్యుని బృందము 2003లో, నే జెప్పిన విద్యుత్తు పద్ధతిచే, ఎలుకపిండపు మెదడులో ఒక ప్రక్క ఆ జన్యువును అణచివేసి చూచినది. కణములు సగము దారిలో ఆగిపోయినవి. అదే వ్యాధి ఎలుకలో కనబడినది. వ్యాధిని కల్పించుట గొప్ప గాదని నే ననగా, “ఆగండి మాస్టారూ, తర్వాత సంగతి వినండి” అని ఆ పిల్ల తరువాతి భాగము చెప్పినది. 2009లో ఆ బృందమే, అణచిన జన్యువును ఎలుకపిల్ల పుట్టిన తర్వాతి తొలి దినములలో మరల పనిచేయునట్లు చేసిరి. ఆగిపోయిన కణములు తిరిగి నడక సాగించినవి, అక్కరలేని పట్ట తగ్గినది, మూర్ఛవచ్చు గుణము ఆరోగ్యముగల ఎలుకలతో సమానమైనది. ఇది చదివిన రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు.

ఆ పిల్లవానిది కూడ ఇదియేనా యని అడిగితిని. “మూర్ఛకి కారణాలు బోలెడండి. పుట్టేటప్పుడు ఊపిరాడకపోయినా వస్తుంది, తలకి దెబ్బ తగిలినా వస్తుంది, మెదడులో పురుగుతిత్తులున్నా వస్తుంది. స్కానింగు చూడకుండా నేనెలా చెప్తాను?” అన్నది. విద్యుత్తు తాకించు పద్ధతి మనుష్యపిండములకు వాడునది కాదనియు, అది తెలిసికొనుటకే గాని నయముచేయుటకు గాదనియు కూడ స్పష్టముగా చెప్పినది. నేడు మూర్ఛకు మాత్రలే మొదటి మందు. సరిగా వాడినచో పదింట ఏడుగురు మూర్ఛలు లేకుండ బ్రతుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పడిన వానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, తలక్రింద మెత్తనిది యుంచవలెను. నోటిలో గాని చేతిలో గాని ఏమియు పెట్టరాదు. మూర్ఛ అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

రెండవ మార్గము వైరసులది. దీనిని సంగ్రహముగా చెప్పెదను. వైరసు కణములో జొరబడుటయందు సిద్ధహస్తము. దాని చెడును తీసివేసి, మనకు కావలసిన జన్యువును నింపి పంపుదురు. ఏ.ఏ.వి. అను వైరసు మిల్లీమీటరును నలువది వేల భాగములు చేయగా వచ్చు ఒక్క భాగమంత. అందులో సుమారు 4,700 అక్షరములే పట్టును గనుక పెద్ద జన్యువులకు అది చాలదు. 2009లో అమెరికాలో ఫౌస్ట్, కాస్పర్‌ల బృందము ఈ వైరసులో తొమ్మిదవ రకమును అప్పుడే పుట్టిన చుంచుపిల్లల రక్తనాళములో నెక్కింపగా, అది మెదడునకును వెన్నుపామునకును చేరినది. మరుసటి యేడు, స్పైనల్ మస్క్యులర్ ఏట్రఫీ యను కండరక్షయముతో పక్షము దినములకే చనిపోవు చుంచుపిల్లలు ఈ చికిత్సచే 250 దినములు దాటి బ్రతికినవి. ఆ చుంచుపిల్లల నుండి వచ్చినదే, 2019లో అమెరికాలో అనుమతి పొందిన, పత్రికలు పదహారు కోట్ల సూది యని పిలుచు మందు. రెండేండ్లలోపు బిడ్డల కిచ్చుటకు అనుమతించిరి. 2021లో హైదరాబాదులో ఒక బిడ్డకు ఊరూర చందాలు పోగుచేసి ఈ సూది వేయించిరి. మందు కనుగొన్నవారికి నమస్కరింతును గాని, ఒక బిడ్డ ప్రాణమునకు ఊరూర చందాల నెత్తింపజేయు వెలను నేను మెచ్చుకొనజాలను.

ఈ వ్యాధి విషయములో పెద్దలకు చెప్పవలసిన మాట యొకటి యున్నది. తల్లి, తండ్రి ఇద్దరును లోపముగల జన్యువును ఒక్కొక్కటి మోయువారైనచో, వారికి జబ్బుండదు. వారి బిడ్డలలో ప్రతివానికిని నాల్గింట ఒక వంతు అపాయముండును. ఏబది మందిలో సుమారొకరు ఇట్లు మోయువారే. మేనరికములలో ఒకే తాతనుండి వచ్చిన లోపము ఇరువైపులను కలియు అవకాశము హెచ్చు. నాదియు మేనరికమే, మా పిల్లలు బాగుగనే యున్నారు. మాకు కుదిరినదని పొరుగువారికి కుదురునని నే ననజాలను. వంశములో అట్టి బిడ్డ పుట్టియుండినచో, సంబంధము ఖాయము చేయుటకు ముందు జన్యుపరీక్ష చేయించుడు. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. మొదలగు సంస్థలలో అట్టి పరీక్షలు కలవు. తాంబూలములు పుచ్చుకొన్న పిమ్మట పరీక్షకు ఎవరు సాహసింతురు?

ఎలుకలను చంపుట పాపము గాదా యని మీలో కొంద ఱడుగవచ్చును. నేనును అడిగితిని. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముక్రింద ఏర్పడిన సంఘము ప్రయోగములను నియమించుచున్నది. ఎన్ని ప్రాణులు, ఎందులకు, నొప్పి తగ్గించు మార్గమేమి యని ముందుగా వ్రాసి యనుమతి పొందవలెను. ఆ పిల్ల యింకొక మాట అన్నది. తన కడుపులోని పిండములతో చుంచు బల్లపై నుండగా తాను ఎవరితోను మాట్లాడదట. దానికి నే నేమియు జవాబు చెప్పలేదు. పొలములో బుట్టలు పెట్టించు చేతితోనే నే నా ప్రశ్న అడిగినందులకు సిగ్గుపడితిని.

నే నింటికి పంపిన పిల్లవాడు ఇప్పుడు ఏబదికి చేరువైన మనిషి. మా ఊరికి ఆమడ దూరమున కాలువలాకు ప్రక్కన కిరాణా దుకాణము నడుపుచున్నాడు. పట్నములో ఎవరో డాక్టరు మాత్ర లిచ్చినది మొదలు ఏండ్లుగా మూర్ఛ లేదట. గత సంక్రాంతికి నేనే వెళ్ళి, నాడు చేసినది తప్పని చెప్పితిని. ఆయన కుర్చీ తుడిచి, కాఫీ తెప్పించి, “మాస్టారూ, ఆ పద్యం మిగతా సగం ఇప్పటికీ రాదండి” అని నవ్వెను. నేను కాఫీ చల్లారకముందే ఆ పద్యమును మొదటినుండి చెప్పించితిని. రెండవసారికి తప్పు లేకుండ అప్పగించెను.